రైజెన్ 5 5600ఎక్స్ సమీక్ష: నల్లగొండ ఎండకు నిలిచే వోల్టేజీ, వేగం

ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ కట్టిన వేగం కంటే ఎక్కువకు నడపడం) కోసమని ఏఎండీ కంపెనీ కంప్యూటర్ ప్రాసెసర్ రైజెన్ 5 5600ఎక్స్ కొనదలచిన వారికి నా అభిప్రాయం ముందే చెప్తాను. ఈ ప్రాసెసర్ వేగాన్ని మనం స్వయంగా పెంచడం వల్ల వచ్చే లాభం స్వల్పం. దానికి అందే వోల్టేజీని ఒక్కో కోర్‌కూ (ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే భాగానికి) విడిగా చూసుకుంటూ తగ్గించడం వల్ల వచ్చే లాభం చాలా ఎక్కువ. మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలైపోయిన నల్లగొండలో, ఏసీ లేని గదిలో, పగలంతా నడవవలసిన యంత్రానికి ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నేను దీన్ని పెళ్లి వీడియోల మిక్సింగ్‌కు, ఆల్బమ్ డిజైనింగ్‌కు వాడుతున్నాను. వైశాఖ, జ్యేష్ఠ మాసాల ముహూర్తాలు వరుసగా వచ్చి పని మీద పడేదీ, ఎండ ముదిరేదీ ఒకే కాలంలో కాబట్టి, ఆటలు ఆడేవారు కోరే స్థిరత్వానికీ నాకు కావలసిన స్థిరత్వానికీ కొంత తేడా ఉంది. ఆట మధ్యలో ఒకసారి బ్లూ స్క్రీన్ వస్తే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు గానీ, రాత్రి రెండర్‌కు (తుది వీడియో తయారుచేయడానికి) పెట్టి పడుకున్న మూడు గంటల పెళ్లి ఫైలు తొంభై శాతం దగ్గర ఆగిపోతే మరునాడు పెళ్లివారికి చెప్పుకోవడానికి మాట ఉండదు.

2020 నవంబరులో విడుదలైన ఈ ప్రాసెసర్‌లో 6 కోర్లు, 12 థ్రెడ్లు (ఏకకాలంలో నడపగల పనుల వరుసలు), 32 ఎంబీ ఎల్3 క్యాష్ (లోపలి వేగవంతమైన మెమరీ) ఉన్నాయి. బేస్ (మామూలు) వేగం 3.7 గిగాహెర్ట్జ్, బూస్ట్ (అవసరమైనప్పుడు తానే అందుకునే) వేగం 4.6 గిగాహెర్ట్జ్. వివరాల్లో 65 వాట్లు అని ఉన్నా, సాకెట్ ద్వారా తీసుకోగల విద్యుత్తుకు కంపెనీ పెట్టిన హద్దు 76 వాట్లు. వేడికి హద్దు 95 డిగ్రీలు. మల్టిప్లయర్ (వేగాన్ని నిర్ణయించే గుణకం) తెరిచే ఉంటుంది, అంటే మనం మార్చుకోవచ్చు గానీ మదర్‌బోర్డు కూడా అందుకు అనుకూలించాలి: బీ550, ఎక్స్570 బోర్డుల్లో ఈ సెట్టింగులన్నీ దొరుకుతాయి, ఏ520 రకం బోర్డు కొంటే ఓవర్‌క్లాకింగ్ మాట మరచిపోవాలి. లోపల గ్రాఫిక్స్ లేదు కాబట్టి విడిగా గ్రాఫిక్స్ కార్డు తప్పనిసరి.

పాత కాలపు ప్రాసెసర్లలో కంపెనీ వేగాన్ని చాలా తక్కువకు కట్టి అమ్మేది. కొన్నవాడు బయోస్‌లోకి (మదర్‌బోర్డు సెట్టింగుల తెరలోకి) వెళ్లి ఇరవై, ముప్పై శాతం పెంచుకుని సంతోషించేవాడు. ఇప్పుడా వెసులుబాటు లేదు. ఈ ప్రాసెసర్ తన వేడిని, తాను తీసుకుంటున్న కరెంటును, పని తీరును క్షణక్షణం చూసుకుంటూ, హద్దులు అనుమతించినంత వరకు తానే వేగం పెంచుకుంటుంది. కంపెనీ వదిలిన మిగులు అసలు ఉన్నదల్లా వోల్టేజీలోనే. లక్షల సంఖ్యలో తయారయ్యే ప్రాసెసర్లలో బలహీనమైనది కూడా ఏ ఇబ్బందీ లేకుండా నడవాలని కంపెనీ అన్నిటికీ కాస్త ఎక్కువ వోల్టేజీనే నిర్ణయిస్తుంది. మన చేతికి వచ్చింది సగటు కంటే మెరుగైన ముక్క అయితే ఆ అదనపు వోల్టేజీ అంతా వృథాగా వేడి కిందకే పోతుంది.

సెట్టింగుల జోలికి వెళ్లే ముందు కూలింగ్ విషయం తేల్చుకోవాలి. డబ్బాలో వచ్చే చిన్న అల్యూమినియం ఫ్యాన్ శీతాకాలంలో, కంపెనీ సెట్టింగుల మీద, ఎలాగో నెట్టుకొస్తుంది. ప్రకాశం బజార్‌లో నాకు యంత్రం బిగించిన కుర్రవాడు దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, "అన్నా, గీ ఎండలకు డబ్బాల వచ్చిన ఫ్యాను పనికిరాదు, టవర్ పెట్టుకోండ్రి" అన్నాడు. అతని మాట నూటికి నూరు పాళ్లు నిజం. గది 40 డిగ్రీలు ఉన్నప్పుడు ఆ చిన్న ఫ్యాన్‌తో ఆరు కోర్ల మీదా రెండర్ నడిపితే కాసేపట్లోనే ప్రాసెసర్ 95 డిగ్రీలు తాకి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నాలుగు రాగి గొట్టాలు, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న మామూలు టవర్ హీట్‌సింక్ చాలు. అంతకంటే ఖరీదైనది పెట్టినా ఈ ప్రాసెసర్ విషయంలో లాభం అంతగా ఉండదు. కోర్లన్నీ సుమారు 80 చదరపు మిల్లీమీటర్ల చిన్న సిలికాన్ ముక్కలో, అదీ మూత మధ్యలో కాకుండా ఒక పక్కగా ఉంటాయి. వేడి ఆ చిన్న చోటు నుంచి పైకి రావడమే కష్టం కాబట్టి, పైన ఎంత పెద్ద హీట్‌సింక్ కూర్చోబెట్టినా ఒక స్థాయి దాటి ఫలితం కనిపించదు.

ఇక అసలు పని. మొదట పాత పద్ధతిలో, అంటే ఆరు కోర్లకూ ఒకే వేగం, ఒకే వోల్టేజీ కట్టి చూశాను. ఈ పని చేసేటప్పుడు ర్యామ్‌ను దాని మామూలు వేగంలోనే ఉంచాలి. ర్యామ్‌ను 3600కు, ప్రాసెసర్‌ను 4.6కు ఒకేసారి పెంచి కూర్చుంటే, హ్యాంగ్ అయినప్పుడు తప్పు ఎవరిదో తేల్చడం బ్రహ్మకు కూడా సాధ్యం కాదు. బయోస్‌లో వోల్టేజీని 1.20 దగ్గర కట్టి, వేగాన్ని 4.3 నుంచి మొదలుపెట్టి 25 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుకుంటూ పోవడం, ప్రతి మెట్టు దగ్గర సినీబెంచ్ ఆర్23 (వేగాన్ని కొలిచి స్కోరు ఇచ్చే ప్రోగ్రాం) ఒకసారి నడిపి చూడడం, ఆగిపోయిన చోట వోల్టేజీని కొద్దిగా పెంచి మళ్లీ చూడడం నేను అనుసరించిన వరుస. సినీబెంచ్ పూర్తయినంత మాత్రాన సెట్టింగు నిలిచినట్టు కాదు. అది వడపోతలో మొదటి జల్లెడ మాత్రమే. అది దాటినవాటినే ప్రైమ్95 (భారీ లెక్కలు చేయించి తప్పులు పట్టే ప్రోగ్రాం) మీద గంటల తరబడి నడిపి చూడాలి.

నా ప్రాసెసర్ 4.5 గిగాహెర్ట్జ్‌ను 1.225 వోల్టుల దగ్గర మోసింది. 4.6కు 1.30 అడిగింది. 4.7కు 1.375 ఇచ్చినా ప్రైమ్95లో లెక్క తప్పింది, అక్కడితో వదిలేశాను. ఈ అంకెలు నా దగ్గరున్న ముక్కవి మాత్రమే, ఇంకొకరివి కొంత అటూ ఇటూ ఉంటాయి. అయితే మూడింటి మధ్య ఉన్న ధోరణి అందరికీ వర్తిస్తుంది. ప్రాసెసర్ ఖర్చు చేసే విద్యుత్తు వేగంతో పాటు మామూలుగా, వోల్టేజీతో పాటు దాని వర్గం చొప్పున పెరుగుతుంది. 4.5 నుంచి 4.6కు వెళ్తే వేగంలో వచ్చే లాభం రెండు శాతం పైచిలుకు, అందుకోసం 1.225 నుంచి 1.30కు వెళ్తే వేడి సుమారు 15 శాతం పెరుగుతుంది. రెండు శాతం వేగం అంటే గంట రెండర్‌లో ఒక నిమిషం చిల్లర. ఆ నిమిషం కోసం మే నెలలో పదిహేను శాతం అదనపు వేడిని గదిలోకి వదలడం నా దృష్టిలో దండగ.

ఈ పద్ధతిలో ఇంకొక నష్టం కూడా ఉంది. ఆరు కోర్లకూ 4.5 కట్టేస్తే, ఒకటి రెండు కోర్ల మీదే నడిచే పనుల్లో ప్రాసెసర్ ఇంతకు ముందు తానే అందుకునే 4.6 పోతుంది. ఫోటోషాప్‌లో ఆల్బమ్ పేజీలు తిప్పేటప్పుడు ఎక్కువగా కావలసింది ఒక కోర్ వేగమే. అంటే ఓవర్‌క్లాక్ చేశామన్న పేరే గానీ, రోజువారీ పనిలో సగం చోట్ల యంత్రం నెమ్మదించినట్టే.

బయోస్‌లో కట్టిన వోల్టేజీ, పని పడినప్పుడు ప్రాసెసర్‌కు నిజంగా అందే వోల్టేజీ ఒకటి కావన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నేను 1.25 కట్టినప్పుడు పూర్తి భారం మీద అది 1.21 దాకా దిగేది. ఇది లోపం కాదు, బోర్డులు ఉద్దేశపూర్వకంగా అలాగే తయారవుతాయి. ఈ పడిపోవడాన్ని తగ్గించే లోడ్ లైన్ క్యాలిబ్రేషన్ అనే సెట్టింగును కొందరు ఏకంగా గరిష్ఠానికి పెట్టేస్తారు. అలా చేస్తే భారం ఒక్కసారిగా తొలగిన క్షణంలో వోల్టేజీ కట్టినదాని కంటే పైకి ఎగురుతుంది, ఆ ఎగురుడు మామూలు సాఫ్ట్‌వేర్‌కు కనిపించదు కూడా. మధ్యస్థంగా పెట్టి, దిగిన మేరకు బయోస్ అంకెను కాస్త పెంచుకోవడమే క్షేమం. నిజంగా అందుతున్న వోల్టేజీ కోసం హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 అనే సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌వీఐ2 అని మొదలయ్యే వరుసను చూడాలి. బోర్డు సెన్సర్ చూపే వీకోర్ అంకె చాలాసార్లు తేడాగా ఉంటుంది.

ఇదంతా చూశాక ఒకే వేగం కట్టడం మానుకుని, ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ అనే, బూస్ట్ హద్దులను మార్చుకునే సెట్టింగులో ఉండే కర్వ్ ఆప్టిమైజర్‌కు వచ్చాను. ఈ ప్రాసెసర్‌కు నేను ఎక్కువ మార్కులు ఇచ్చేది దీనికోసమే. ఇందులో వేగాన్ని ప్రాసెసర్‌కే వదిలేసి, ఏ వేగానికి ఎంత వోల్టేజీ అన్న దాని లెక్కను మాత్రం మనం కిందికి జరుపుతాం. ప్రతి కోర్‌కూ సున్నా నుంచి మైనస్ 30 వరకు విడిగా అంకె ఇవ్వవచ్చు. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. తగ్గిన మేరకు వేడి తగ్గుతుంది, వేడిలో మిగిలిన జాగాను ప్రాసెసర్ తానే వేగంగా మార్చుకుంటుంది. పాత బయోస్‌లలో ఈ సెట్టింగు కనిపించదు కాబట్టి, బయోస్‌ను కొత్తదానికి మార్చుకున్న తర్వాతే ఈ పనికి పూనుకోవాలి.

ఇక్కడ చాలామంది అన్ని కోర్లకూ ఒక్కసారే మైనస్ 30 పెట్టి, సినీబెంచ్ స్కోరు పెరిగిందని సంబరపడతారు. ఆ సెట్టింగు ఆరు కోర్ల భారం మీద నిజంగానే నిలుస్తుంది, ఎందుకంటే అప్పుడు ఏ కోర్ కూడా తన గరిష్ఠ వేగానికి వెళ్లదు. తప్పు బయటపడేది యంత్రం ఖాళీగా ఉన్నప్పుడు. ఏదో ఒక కోర్ చిన్న పని కోసం ఒక్కసారిగా 4.6 దాటి లేచి మళ్లీ పడుకునే సందులో వోల్టేజీ చాలక, ఎవరూ ముట్టుకోని యంత్రం దానంతట అదే రీస్టార్ట్ అవుతుంది. ప్రైమ్95 రాత్రంతా దాటిన సెట్టింగు, పొద్దున బ్రౌజర్ తెరిచినప్పుడు పడిపోవడం ఈ పద్ధతిలో మామూలు. అందుకే దీనికి పరీక్ష వేరే విధంగా ఉండాలి. కోర్‌సైక్లర్ అనే ఉచిత స్క్రిప్టు ప్రైమ్95ను ఒకసారికి ఒక్క కోర్ మీదే నడిపిస్తూ, వంతులవారీగా అన్ని కోర్లనూ వాటి గరిష్ఠ వేగం దగ్గర పరీక్షిస్తుంది. ఏ కోర్ దగ్గర లెక్క తప్పితే ఆ కోర్‌కు మాత్రమే అంకెను రెండు మూడు మెట్లు సున్నా వైపు తెచ్చుకుంటే సరిపోతుంది.

రీస్టార్ట్ అయినప్పుడు విండోస్‌లో తప్పులు నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచి చూడడం అలవాటు చేసుకోవాలి. అందులో వీయా లాగర్ (WHEA-Logger, హార్డ్‌వేర్ తప్పుల నమోదు) పేరుతో 18వ నంబరు నమోదు ఉంటే, అందులోనే ఏ కోర్‌లో తప్పు జరిగిందో తెలిపే ప్రాసెసర్ గుర్తింపు సంఖ్య కూడా ఉంటుంది. నా యంత్రంలో ఎప్పుడు చూసినా ఒకే కోర్ సంఖ్య వచ్చేది. విచిత్రం ఏమిటంటే, ఏఎండీ వారి రైజెన్ మాస్టర్ సాఫ్ట్‌వేర్ నక్షత్రం గుర్తుతో అన్నిటికంటే మెరుగైనదని చూపించే కోర్ అదే. మెరుగైన కోర్‌కు ఫ్యాక్టరీలోనే తక్కువ వోల్టేజీ నిర్ణయించి ఉంటారు కాబట్టి, దాని దగ్గర మనం ఇంకా తగ్గించడానికి మిగిలేది తక్కువ. చివరకు మెరుగైన రెండు కోర్లకు మైనస్ 8, మైనస్ 12 దగ్గర, మిగతా నాలుగింటికి మైనస్ 20, 25 మధ్య నిలిచింది. బూస్ట్ హద్దును పైకి జరిపే సెట్టింగులో 200 మెగాహెర్ట్జ్ వరకు అవకాశం ఉన్నా 100తోనే సరిపెట్టుకున్నాను. 200 పెడితే మెరుగైన కోర్లకు ఇచ్చిన మైనస్ అంతా తిరిగి ఇచ్చేయవలసి వచ్చింది.

వోల్టేజీ మరీ తగ్గినప్పుడు ప్రాసెసర్ ఎల్లవేళలా పడిపోదు, కొన్నిసార్లు మోసం చేస్తుంది. తెర మీద 4.6 చూపిస్తూనే లోపల గడియారాన్ని సాగదీసి నెమ్మదిగా పని చేస్తుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో64లో ఎఫెక్టివ్ క్లాక్ అనే వరుస పూర్తి భారం మీద మామూలు క్లాక్‌కు చాలా దగ్గరగా ఉండాలి. వంద మెగాహెర్ట్జ్‌కు మించి వెనకబడితే ఆ సెట్టింగు కాగితం మీద వేగమే. స్కోరును కూడా పక్కన రాసుకుంటూ పోతే ఈ మోసం వెంటనే తెలిసిపోతుంది.

మాకు ఈ పరీక్షలకు తీరిక దొరికేది ముహూర్తాలు లేని ఆషాఢంలో, మూఢం రోజుల్లో. సెట్టింగుకు అసలు పరీక్ష జరిగేది మాత్రం మే నెలలో. గది ఎంత వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంత వేడెక్కుతుంది, పైగా కొంత అదనం కూడా, ఎందుకంటే వేడెక్కిన సిలికాన్‌లో లీకయ్యే కరెంటు పెరుగుతుంది. శీతాకాలం పొద్దున గది 24 డిగ్రీలు ఉన్నప్పుడు, ఒకే వేగం కట్టిన 4.5, 1.225 సెట్టింగు మీద ప్రైమ్95 నడిపితే 76 డిగ్రీలు చూపిన యంత్రం, గది 40 ఉన్నప్పుడు 93 చూపింది. పైగా వేడెక్కిన ప్రాసెసర్ అదే వేగానికి కాస్త ఎక్కువ వోల్టేజీ అడుగుతుంది కాబట్టి, డిసెంబరులో అంచు మీద నిలిచిన సెట్టింగు మేలో పడిపోవడం ఖాయం. చలికాలంలో పరీక్షించేవారు ఫ్యాన్ వేగాన్ని కావాలని తగ్గించి, ప్రాసెసర్‌ను 88, 90 డిగ్రీల దగ్గర ఉంచి చూసుకుంటే ఎండాకాలం ముందే ఇంటికి వచ్చినట్టు అవుతుంది. నేను అలా నిలిచిన అంకెల మీద కూడా ప్రతి కోర్‌కూ మరో మూడు మెట్లు వెనక్కి వచ్చి వదిలాను. కర్వ్ ఆప్టిమైజర్ సెట్టింగుతో అదే మే నెలలో రెండర్ నడుస్తుండగా 80 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉండి, ఆరు కోర్లూ 4.5 దగ్గరే నడిచాయి. విద్యుత్తు హద్దును 76 దాటించలేదు.

గది కూలర్‌ను నేరుగా క్యాబినెట్ మీదికి తిప్పుకునే అలవాటు మన దగ్గర చాలా స్టూడియోల్లో ఉంది. గది చల్లబడితే మంచిదే గానీ, ఆ గాలితో వచ్చే నీటి తుంపర్లలో మన బోరు నీళ్ల ఉప్పంతా ఉంటుంది. ఆరిన చోటల్లా తెల్లగా పేరుకుంటుంది. కూలర్‌ను గది మూలకు, క్యాబినెట్‌ను దానికి ఎదురు పడకుండా పెట్టుకోవాలి. మిర్యాలగూడలో రైస్ మిల్లులకు దగ్గరగా ఉన్న మిత్రుని స్టూడియోలో ఇదే ప్రాసెసర్, ఇలాంటి సెట్టింగుల మీదే కొన్నాళ్లు నడిచి, ఉన్నట్టుండి 95 తాకడం మొదలుపెట్టింది. టవర్ హీట్‌సింక్ ఫ్యాన్ విప్పితే రేకుల సందుల్లో ఊక దుమ్ము పేరుకుని, వేలితో లాగితే పలుచని దుప్పటి ముక్కలా చేతికొచ్చింది. బ్లోయర్‌తో ఊదాక సెట్టింగు ముట్టుకోకుండానే యంత్రం మామూలైంది. వోల్టేజీ అంకెలు మార్చే ముందు స్క్రూడ్రైవర్ తీయడం మేలన్నమాట.

కరెంటు విషయంలో ఒక అపోహ ఉంది. లైన్ వోల్టేజీ తగ్గితే ప్రాసెసర్ వోల్టేజీ కూడా తగ్గి ఓవర్‌క్లాక్ నిలవదని మా దగ్గర చాలామంది నమ్ముతారు. పవర్ సప్లై లోపలికి తీసుకునే కరెంటును 12 వోల్టులుగా మారుస్తుంది, మదర్‌బోర్డు ఆ 12ను వోల్టు పైచిలుకుగా మారుస్తుంది. మంచి పవర్ సప్లైలు 100 నుంచి 240 వోల్టుల వరకు దేన్నైనా తీసుకోగలవు కాబట్టి, బోరు మోటార్లు నడిచే వేళ లైను 190కి పడినా ప్రాసెసర్‌కు ఆ సంగతే తెలియదు. ఇబ్బంది వచ్చేది కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారే క్షణంలో. స్క్వేర్ వేవ్ ఇచ్చే ఇన్వర్టర్లతో కొన్ని పవర్ సప్లైలకు పొసగక యంత్రం ఆరిపోతుంది, దాన్ని ఓవర్‌క్లాక్ ఖాతాలో వేసి మంచి సెట్టింగును చెడగొట్టుకునేవారు ఉన్నారు. కరెంటు మారిన వేళకే ఆరిపోయి, ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 (యంత్రం అర్ధాంతరంగా ఆగిందన్న నమోదు) మాత్రమే ఉండి, వీయా నమోదు లేకపోతే ముందుగా అనుమానించవలసింది యూపీఎస్‌నే.

కొనుగోలు సంగతికి వస్తే, ఈ రోజు ఓవర్‌క్లాకింగ్ మోజుతో 5600ఎక్స్‌కే అదనపు డబ్బు పెట్టమని నేను చెప్పను. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 5600లో కోర్లు, క్యాష్, 65 వాట్ల లెక్క అన్నీ ఇవే, బూస్ట్ 4.4 మాత్రమే, మల్టిప్లయర్ దానికీ తెరిచే ఉంటుంది, కర్వ్ ఆప్టిమైజర్ దానికీ పని చేస్తుంది. రెండింటి ధరల మధ్య తేడా టవర్ హీట్‌సింక్ ధరకు దగ్గరగా ఉంటే 5600 తీసుకుని మిగిలిన డబ్బు హీట్‌సింక్ మీద పెట్టడం తెలివైన పని. కెమెరాల నుంచి వచ్చే హెచ్265 (వీడియోను కుదించే పద్ధతి) ఫుటేజీ మీదే రోజంతా పని చేసేవారు మాత్రం, లోపలే వీడియో డీకోడర్ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లను కూడా చూసుకోవాలి. టైమ్‌లైన్ సాఫీగా కదలడంలో ఆ సౌకర్యం ఇచ్చే తేడాను ఏ ఓవర్‌క్లాకూ పూడ్చలేదు. అయితే 13, 14వ తరం ఇంటెల్‌లో పెద్ద ప్రాసెసర్లు తీసుకుంటే ముందు బయోస్ అప్‌డేట్ చేయించాలి. అవి అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతూ క్రమంగా దెబ్బతింటున్నాయని తేలి, 2024 ఆగస్టులో వోల్టేజీకి 1.55 దగ్గర హద్దు పెట్టే మైక్రోకోడ్‌ను (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను) ఇంటెల్ విడుదల చేయవలసి వచ్చింది.

వారంటీ గురించి కూడా తెలిసే దిగాలి. డబ్బాతో వచ్చిన ఏఎండీ ప్రాసెసర్‌కు మూడేళ్ల వారంటీ ఉంటుంది. ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ సహా కంపెనీ హద్దులు దాటిన ఏ సెట్టింగు వల్ల జరిగిన నష్టానికైనా అది వర్తించదని ఏఎండీ స్పష్టంగానే రాసింది. సికింద్రాబాద్ మార్కెట్‌కు వెళ్లి కొనేవారికి డబ్బా లేని ట్రే ముక్కలు కొంత తక్కువకు చూపిస్తారు. వాటికి ఉండేది దుకాణదారు ఇచ్చే హామీ మాత్రమే కాబట్టి, వంద కిలోమీటర్లు తిరిగి వచ్చాక గుర్తు తెచ్చుకునే కంటే, సీల్ ఉన్న డబ్బా అడిగి, దాని మీది సీరియల్ నంబరును బిల్లులో రాయించుకుని బస్సెక్కడం మంచిది.